ఇరవై ఐదు సీసాల ర్యాక్

మార్చి 4, సోమవారం

ఫ్యాక్టరీ వాళ్ళు వీడ్కోలు రోజున ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. పేజీల్లో గీతలు సమానంగా లేవు. ఎవరు పాస్ చేసి బయటికి పంపారో గానీ ఆ మహానుభావుడికో నమస్కారం. ఇవాళ ఇంట్లో ఒక ముఖ్యమైన పని మొదలవుతోంది, దానికో రికార్డు ఉండాలి. అందుకని మనసు చంపుకుని ఇందులోనే రాస్తున్నాను.

పొద్దున బడికి వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చెప్పింది మా ఆవిడ. "అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల ఏడో తారీకున షాపు తెరుస్తున్నారట. నాన్న చేత్తో చేసిన ర్యాక్ ఒకటి షాపులో ఉంటే బాగుంటుందంది."

అమ్మాయి రెండేళ్ళుగా నాతో మాట్లాడటం లేదు. అలాంటిది నోరు తెరిచి అడిగిందంటే దాని అర్థం ఒక్కటే. నాణ్యత కావాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా నేనే గుర్తొస్తాను.

"ఏం ర్యాక్?" అన్నాను, పెద్దగా పట్టనట్టు.

"వైన్ సీసాలు పడుకోబెట్టేది. వైన్ షాపులో పుస్తకాల ర్యాక్ పెట్టుకుంటారా ఏంటి."

ఆ మాట మెట్ల దగ్గర నిలబడి అంత గట్టిగా అనక్కర్లేదు. పై వాటా ఆయన ఎప్పుడూ వరండాలోనే కుర్చీ వేసుకుని ఉంటాడు, ఆయన చెవులు మాత్రం మా వాటాలో ఉంటాయి. అమ్మాయి చేసుకున్నవాడు హోటల్లో సీసాల మూతలు తీసే ఉద్యోగం చేసేవాడు. ఇప్పుడు సొంతంగా సీసాలే అమ్ముతాడట. నేనతన్ని సీసాలబ్బాయి అంటాను. బంధువులెవరైనా అడిగితే ద్రాక్షల వ్యాపారం అని చెబుతున్నాను. అందులో అబద్ధం లేదు.

"ఇరవై ఐదు సీసాలకి చేస్తాను. అయిదు వరసలు, వరసకి అయిదు. వారంలో అయిపోతుంది," అన్నాను.

"ఆరు సీసాలది చాలేమో," అంది.

నవ్వి ఊరుకున్నాను.

మార్చి 5, మంగళవారం

కలప దుకాణానికి వెళ్ళాను. ఒక్క పలకా బాగోలేదు.

మార్చి 6, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. నిన్న చూడని పలకలు కూడా బాగోలేవు.

మార్చి 8, శుక్రవారం

కలప దుకాణం ఆయన ఇవాళ స్వయంగా బండి మీద పలకలు వేసుకుని మా ఇంటికే వచ్చాడు. నా పేరు ఊళ్ళో అంత దూరం వెళ్ళిందని సంతోషించాను.

"సార్, ఇవి మంచివి. నా దగ్గర ఇంతకంటే మంచివి లేవు, ఉన్నా మీకివ్వను. దయచేసి ఇంక మా దుకాణానికి రావొద్దు," అన్నాడు.

"ఎందుకని?"

"మీరు రెండు రోజులు వరసగా వచ్చి నా సరుకంతటికీ ఎర్ర సుద్దతో క్రాసులు పెట్టి పోయారు. వచ్చినవాళ్ళు అవి చూసి ఏదో చెదలు పట్టిన కలపనుకుంటున్నారు."

సుద్దముక్క నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ రెక్కల నాణ్యత చూసింది నేనే. నా బల్ల మీదికొచ్చిన రెక్క నేను సరేనంటేనే బయటికెళ్ళేది, లేదంటే ఎర్ర క్రాసే. చివరి ఏడాదిలో అసలేదీ బయటికి వెళ్ళడం లేదని యాజమాన్యం నన్ను గౌరవంగా, కాస్త ముందుగానే ఇంటికి పంపింది. నేను లేని ఫ్యాక్టరీలో ఇప్పుడు ఫ్యాన్లు చకచకా తయారవుతున్నాయట. తిరుగుతాయో లేదో ఆ కొన్నవాళ్ళనే అడగాలి.

పలకలు దింపించుకున్నాను. పర్వాలేదు. ఇంక వేరేవి దొరకవు కాబట్టి ఇవే వాడాలి.

మార్చి 9, శనివారం

అమ్మాయి గదిని వర్క్‌షాపుగా మార్చాను. చదువుకునే బల్లని కిటికీ కిందికి జరిపి, దాని మీద పాత దుప్పటి పరిచాను. రంపం, ఉలి, చిత్రిక, జిగురు డబ్బా వరసలో పెట్టాను. మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే మూలమట్టాన్ని గోడకి మేకు కొట్టి తగిలించాను. గదికి ఒక అందం వచ్చింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "అమ్మాయి గదే దొరికిందా?"

"ఖాళీగానే ఉంది కదా."

"ఎందుకు ఖాళీగా ఉందో కూడా రాసుకో నీ రికార్డులో."

రాసుకోవడానికి అందులో దాపరికం ఏమీ లేదు. రెండేళ్ళ కిందట ఆ అబ్బాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఇంటికొచ్చిన మనిషిని నాలుగు ప్రశ్నలు అడగడం మర్యాద. అడిగాను. కాస్త ఎక్కువసేపే అడిగాను. లేచి వెళ్ళేటప్పుడు అతని చెయ్యి పట్టుకుని వీడ్కోలు చెప్పబోతుంటే, అలవాటు కొద్దీ సుద్దముక్క నా చేతిలో ఉంది. చొక్కా చేతి మీద చిన్న క్రాసు పడింది. చిన్నదే. సరదాగా చేసిన పని. ఆ రోజు ఆ గదిలో హాస్యం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకపోవడం నా తప్పు కాదు. నెల తిరక్కుండానే అమ్మాయి పెట్టె సర్దుకుని వెళ్ళి అతన్నే పెళ్ళి చేసుకుంది. మా ఆవిడ పెళ్ళికి వెళ్ళొచ్చింది. నాకు పిలుపు రాలేదు, వచ్చినా ఆ రోజు నాకు పని ఉంది.

మార్చి 12, మంగళవారం

ర్యాక్ సంగతి ఇలా ఉంటుంది. ప్రతి వరసకీ ముందొక చెక్క, వెనకొక చెక్క. వెనక చెక్కలో సీసా పొట్ట కూర్చునే పెద్ద గుంత, ముందు చెక్కలో మెడ ఆనుకునే చిన్న గుంత. గుంతలు సరిగ్గా అర్ధచంద్రాల్లా ఉండాలి. కొలతకి ఒక సీసా కావాలి. అలాంటి సీసా ఇంట్లోకి తెచ్చే ప్రశ్నే లేదు. వంటింట్లో వెనిగర్ సీసా ఉంది, దాన్ని పెట్టి గీశాను. సీసా సీసాయే.

మార్చి 14, గురువారం

చెక్కలకి జిగురు పెట్టాక అవి ఆరేదాకా కదలకుండా బిగించి ఉంచడానికి క్లాంపులు కొనబోయాను. కొట్లో ఉన్నవాటి దవడలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు. తిరిగిచ్చేశాను. దేవుడు రెండు చేతులిచ్చాడు, అవి చాలు.

మార్చి 15, శుక్రవారం

ర్యాక్ బాగా పెద్దది. ఒక చివర పట్టుకుంటే రెండో చివర జారిపోతోంది. మా ఆవిడ బడి నుంచి వచ్చి కాసేపు చూసి, కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చింది. "ఆ చివర నేను పట్టుకుంటాలే."

"నీకు అలవాటు లేదు. వంకర పోతుంది."

"ఇప్పుడు తిన్నగా ఉందా?"

నేను చెక్కని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ కొంగు విప్పుకుని, కట్ట విప్పి లెక్కల పేపర్లు దిద్దుకోవడానికి కూర్చుంది.

మార్చి 16, శనివారం

అయిపోయింది. ఇరవై ఐదు. గోడకి ఆనించి దూరంగా నిలబడి చాలాసేపు చూశాను. తలుపు తీసి ఉంచాను, ఎవరైనా చూసినా నాకభ్యంతరం లేదు.

పై వాటా ఆయన దిగి వచ్చాడు. చంకలో తువ్వాలు, తువ్వాల్లో వైన్ సీసా. "ఎవరో బంధువులు మా ఇంట్లో మర్చిపోయి వెళ్ళారండి. సరదాగా పెట్టి చూద్దామని," అన్నాడు.

పెట్టాడు. దూరలేదు. ఇంకో గుంతలో పెట్టాడు. దూరలేదు. సీసా గుంత అంచుల మీద అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుంది.

"మీ సీసా లావుగా ఉంది," అన్నాను.

"వైన్ సీసాలన్నీ ఇంతే లావుంటాయండి."

"మీకెలా తెలుసు?"

ఆయన నీళ్ళు నమిలాడు. బంధువులు అంటూ ఏదో గొణిగి, సీసాని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ర్యాక్ మీద ఎర్ర క్రాసు పెట్టాను. నా పని అని నేను నాకు మినహాయింపు ఇచ్చుకోలేదు. అలాంటి మనిషిని కాదు. రేపు విప్పేస్తాను.

మార్చి 19, మంగళవారం

పాత గుంతల అంచు అంతా కోసేసి కొత్తవి తవ్వాల్సి వచ్చింది. చెక్కల చివర్లు పగిలాయి, అవీ కోసేశాను. ఒక వరస పోయింది, వరసకో సీసా పోయింది. ఇప్పుడది పదహారు సీసాల ర్యాక్. నిజానికి చిన్న షాపులో ఇరవై ఐదు ఎబ్బెట్టుగా ఉంటుంది. పదహారే హుందా. ఈ సంగతి మొదట్లోనే తట్టాల్సింది.

మార్చి 21, గురువారం

పదహారు నిలబడింది. పై వాటా ఆయన సీసా చక్కగా కూర్చుంది. ఆయనకి బంధువులు మర్చిపోయిన సీసాలు ఇంకో రెండు కూడా ఉన్నాయి, అవీ కూర్చున్నాయి. అందరూ బాగుందన్నారు.

మూలమట్టం పెట్టి చూశాను. పై కుడి మూలలో మట్టానికీ చెక్కకీ మధ్య కాగితం దూరుతోంది.

"ఆ సందులోంచి ఏ సీసా జారిపోతుంది?" అంది మా ఆవిడ.

"సీసా సంగతి కాదిక్కడ. మూల అంటే మూల."

"ఎవరికి కనిపిస్తుందది?"

"నాకు కనిపిస్తుంది."

ఆవిడ నా వంక అదోలా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అమ్మాయి చిన్నప్పుడు బొమ్మ గీసి చూపిస్తే, ఇంటి గోడ పక్కకి ఒరిగిందని నేను చెప్పినప్పుడూ ఇదే చూపు. ఆ గోడ ఒరిగే ఉంది.

క్రాసు.

మార్చి 23, శనివారం

తొమ్మిది. మూడు వరసలు, వరసకి మూడు. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఇంతకాలం నేను వెతుకుతున్న ఆకారం ఇదే.

మా ఆవిడ లెక్కల టీచరు. అన్నం పెడుతూ అంది, "ఇరవై ఐదు, పదహారు, తొమ్మిది. ఈ వరసలో తర్వాత ఏమొస్తుందో మా ఆరో తరగతి పిల్లలు కూడా చెప్తారు."

"ఇదే చివరిది."

"నాలుగొస్తుంది, దాని తర్వాత ఒకటి. దాని తర్వాత ఏమొస్తుందో చెప్పనా?"

అన్నంలో ఉప్పు కాస్త తక్కువైంది. చెప్పాను.

మార్చి 24, ఆదివారం

మా ఆవిడ వంటింట్లో ఫోన్ మాట్లాడుతుంటే వినపడింది. వినాలని వినలేదు, తలుపు దగ్గర ఎమరీ పేపరు వెతుక్కుంటున్నాను.

"అవునమ్మా, మీ నాన్నే. నేను అడగలేదు, తనే అన్నాడు, షాపుకి ర్యాక్ చేసిస్తానని. రోజంతా అదే పనిలో ఉన్నాడు. ఒట్టు."

కాసేపు అవతల మాట విని, "అలా అనకు," అని తలుపు దగ్గరికి వేసింది.

అమ్మాయి అడిగిందని నాతో అంది. నేను అన్నానని అమ్మాయితో అంటోంది. బహుశా నా గౌరవం నిలబెట్టడానికి అలా తిప్పి చెప్పి ఉంటుంది. ఆడవాళ్ళ మాటల్లో ఇలాంటి సర్దుబాట్లు ఉంటాయి. నేను పట్టించుకోను.

మార్చి 27, బుధవారం

తొమ్మిది ఊగుతోంది. బల్ల మీద వేలితో తాకితే టకటకమంటోంది. నేల ఎగుడుదిగుడని మా ఆవిడ అంది. నాలుగు గదుల్లో పెట్టి చూశాను. ఇంట్లో ఏ నేలా సమంగా లేదని తెలిసింది, అది వేరే విషయం. క్రాసు.

మార్చి 28, గురువారం

నాలుగు సీసాలది మొదలుపెట్టాను. నాలుగైతే చాలా ఖరీదైన సీసాలు మాత్రమే పెట్టుకుంటారు. దాని విలువ పెరుగుతుంది.

మార్చి 30, శనివారం

బాగా వచ్చింది.

మార్చి 31, ఆదివారం

బాగా రాలేదు.

జిగురు ఆరేటప్పుడు ఒక పక్క జారింది. రెండు చేతులతో రెండు పక్కలా ఎంత పట్టుకున్నా మధ్యలో ముక్కు దురద పెడుతుంది. మనిషన్నాక తప్పదు. విప్పడానికి ఉలి తీసుకుంటుంటే మా ఆవిడ వచ్చి ఉలి మీద చెయ్యి వేసింది.

"ఇది విప్పావంటే ఇంక ఒక్క సీసా మిగుల్తుంది. అది కూడా నీకు నచ్చదు. ఏడో తారీకుకి అమ్మాయి చేతిలో ఏం పెడతావ్? రంపప్పొట్టా?"

"వంకరది ఇవ్వమంటావా?"

"ఇవ్వు. ఒక్కసారి, నీ చేతులారా చేసింది, వంకరగా ఉన్నా సరే, బాగుందని ఇవ్వు. నాకు ఇద్దరూ కావాలి. రెండేళ్ళ నుంచి మీ మధ్య ఫోన్ తీగలా బతుకుతున్నాను. అలిసిపోయాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అలిసిపోయాననడం నేను వినలేదు. జిగురు మళ్ళీ పెడితే కోత లేకుండానే సరవుతుందేమో చూస్తానన్నాను. ఆవిడ వెళ్ళి పడుకుంది. తలనొప్పి అయి ఉంటుంది.

ఏప్రిల్ 2, మంగళవారం

ఇంకా తలనొప్పి తగ్గినట్టు లేదు. కంచం పెట్టి వెళ్ళిపోతోంది.

ఏప్రిల్ 4, గురువారం

కోయకుండా విప్పాను. వేడినీళ్ళ గుడ్డ పెట్టి నెమ్మదిగా జిగురు కరిగించి తీశాను. నాలుగు నాలుగుగానే ఉంది. ఎల్లుండి మళ్ళీ అతికిస్తాను. ఇంత జాగ్రత్తగా నేను ఏ పనీ చేయలేదు, ఎందుకంటే ఇంతవరకూ ఏ పనీ చేయలేదు, చేసినవాళ్ళవి చూశానంతే. ఈ వాక్యం ఎందుకు రాశానో తెలియదు. కొట్టేస్తే పేజీ పాడవుతుంది.

ఏప్రిల్ 6, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మా ఆవిడ బడిలో ఉంది. నేను చెక్కలకి జిగురు పెట్టి, నాలుగు సీసాల ర్యాక్‌ని నిలబెట్టి, రెండు పక్కలా అదిమి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే కుడి పక్క జారడం మొదలైంది. సరిగ్గా అప్పుడే గంట మోగింది.

"తలుపు తీసే ఉంది, తొందరగా రండి," అని అరిచాను. పై వాటా ఆయననుకున్నాను. అడుగుల చప్పుడు గదిలోకి వచ్చింది. "ఆ పక్క పట్టుకోండి, పట్టుకోండి," అన్నాను తలెత్తకుండా. రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి. తలెత్తి చూస్తే సీసాలబ్బాయి.

"నమస్కారం మావయ్యగారూ," అన్నాడు. చేతులు జోడించడానికి వీలు లేదు కాబట్టి తల వంచాడు.

"కదపకు."

"ఎంతసేపు?"

"ఆరేదాకా. డబ్బా మీద అరగంటని రాసుంది. నేను గంట పట్టుకుంటాను."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేనూ అంతే. మా మొహాల మధ్య ర్యాక్ వెడల్పంత దూరం ఉంది. ఇరవై ఐదు సీసాలది అయితే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. చూడటానికి ఇంకేమీ లేక అతన్నే చూశాను. గడ్డం కింద బ్లేడు గాటు ఉంది. కళ్ళ కింద నలుపు.

"ఇది తన గదేనా?" అన్నాడు చుట్టూ చూసి.

"ఒకప్పుడు."

పట్టు సర్దుకున్నాడు. తర్వాత, "ఒకటి అడగొచ్చా? ఆ రోజు నాలో ఏం చూసి క్రాసు పెట్టారు?"

నాకన్నీ గుర్తున్నాయి. తనిఖీ చేసింది నేను మర్చిపోను. "ప్రతి మాటకీ ముందు నవ్వావు. చెయ్యి చెమట పట్టి ఉంది. బూట్లకి ముందువైపే పాలిష్, మడమల దగ్గర లేదు."

"చెమట భయంతో పట్టింది. నవ్వు కూడా భయంతోనే."

"బూట్లు?"

"బూట్ల విషయం మీరన్నది కరెక్టే."

ఇలాంటి జవాబు నాకు ఫ్యాక్టరీలో ఒక్కడు కూడా ఇవ్వలేదు.

"చొక్కా మీదిది ఉతికితే పోయింది మావయ్యగారూ. నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. తనకే పోలేదు," అన్నాడు.

నేను మాట మార్చాను. "ర్యాక్ తీసుకెళ్దామని వచ్చావా? అమ్మాయి అడిగిందని అత్తయ్య చెప్పింది."

అతను చెక్క వైపు చూశాడు. "తను అడగలేదు. మీరే చేసిస్తామన్నారని అత్తయ్యగారు చెప్పారు."

"మరి నువ్వెందుకొచ్చావ్?"

"రేపు మీరు రావొద్దని చెప్పడానికి."

అది మాత్రం నవ్వకుండా చెప్పాడు. ఇంకెప్పుడైనా అయితే గుమ్మం చూపించి ఉండేవాణ్ణి. చూపించడానికి చెయ్యి ఖాళీగా లేదు. వదిలితే ర్యాక్ కూలుతుంది. పళ్ళ బిగువున పట్టుకుని, "ఎందుకట?" అన్నాను.

"తను వారం నుంచి అరలు సర్దుతోంది. సర్దినవన్నీ తీసేసి మళ్ళీ సర్దుతోంది. గోడ రంగు బాగోలేదని మళ్ళీ వేయించింది. బోర్డు ఒక పక్కకి ఒరిగిందని మూడుసార్లు దింపించింది, మాకెవ్వరికీ ఒరిగినట్టు కనిపించలేదు. నాన్న చూస్తే ఇది అంటాడు, నాన్న చూస్తే అది అంటాడు, ఇదే మాట. మీరు రారేమోనని కాదు మావయ్యగారూ తన దిగులు. వస్తారేమోనని. మీరొస్తున్నారంటే రేపు షట్టరే తియ్యదు. అసలు ఇంకెప్పుడు తీస్తుందో కూడా నాకు తెలియదు."

నిజం రాయాలి. మొదట నాకు గర్వంగా అనిపించింది. నా కూతురు. ఎవరికీ కనిపించని వంకర దానికి కనిపిస్తోంది. ఆ తర్వాత గది నిండా ఉన్న ముక్కలు చూశాను. ఇరవై ఐదు సీసాల్లోంచి కోసి పారేసిన ముక్కలన్నీ మూలన పోగుపడి ఉన్నాయి. ప్రతి ముక్క మీదా ఎర్ర గీత. గర్వం ఎటు పోయిందో పోయింది. నాకు చాలా భయం వేసింది.

ఇద్దరం అలాగే పట్టుకుని కూర్చున్నాం. అతని చేతులు చెమట పట్టి జారుతున్నాయి, అయినా వదల్లేదు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది. నేనే చెప్పలేదు. చెబితే అతను లేస్తాడు, లేస్తే నేనేదో ఒకటి అనాలి.

చివరికి, "వదులు," అన్నాను. నెమ్మదిగా వదిలాడు. ర్యాక్ నిలబడింది.

మూలమట్టం గోడకి వేలాడుతోంది. ఇద్దరం దాన్ని చూశాం.

"మట్టం పెట్టి చూడరా?" అన్నాడు.

"టైం లేదు," అన్నాను. రిటైరైనవాడికి టైం లేకపోవడం ఏంటో అతను అడగలేదు. "తీసుకెళ్ళు. రేపు నాకెలాగూ కుదరదు. నడుం నొప్పిగా ఉంది. అమ్మాయికి అలాగే చెప్పు."

ఇందులో సగం నిజం. అంతసేపు వంగి కూర్చుంటే ఎవరికైనా నడుం పట్టేస్తుంది.

అతను ర్యాక్‌ని భుజానికెత్తుకుని మెట్లు దిగుతుంటే నాకు కనిపించింది. వెనక ఎడమ కాలు కొద్దిగా పొట్టి. పిలిచి ఆపుదామని నోరు తెరిచాను. పై వాటా చెవులాయన వరండాలోంచి వంగి, "ఎవరండీ ఆ అబ్బాయి?" అన్నాడు. ఎటూ తెరిచిన నోరు కాబట్టి దానికే జవాబు చెప్పాను.

"మా అల్లుడు. రేపు వైన్ షాపు తెరుస్తున్నాడు. మీ బంధువులు మర్చిపోయేవన్నీ అక్కడ దొరుకుతాయి."

సాయంత్రం మా ఆవిడ గదిలో ర్యాక్ లేకపోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒకటి కూడా మిగల్లేదా?"

"నాలుగూ మిగిలాయి. అల్లుడు వచ్చి పట్టుకెళ్ళాడు."

ఆవిడ గోడకి ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. రావొద్దన్న సంగతి చెప్పాను. ఆవిడకి ముందే తెలుసు. అతను వస్తాడని మాత్రం తెలియదట. అబద్ధాలు చెప్పినందుకు కోప్పడదామనుకున్నాను, అంత తిన్నగా నేనొక్క ర్యాకూ కట్టలేదనిపించి ఊరుకున్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం

నడుం నొప్పి. ఇంట్లోనే ఉన్నాను.

మా ఆవిడ వెళ్ళొచ్చింది. షట్టరు తీశారట. జనం వచ్చారట. ఇంకేం అడగలేదు. గోడ రంగేంటో, బోర్డు ఎలా పెట్టారో, ర్యాక్ ఎక్కడ పెట్టారో, ఏదీ అడగలేదు. అడక్కుండా ఉండటం ఇంత ఒళ్ళు హూనమయ్యే పని అని తెలియదు.

ఏప్రిల్ 8, సోమవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. బడికి సెలవు, మా ఆవిడ ఎదురుగా కూర్చుని పేపర్లు దిద్దుతోంది. ఎప్పుడూ తన ఫోన్ మోగుతుంది. ఇవాళ నాది మోగింది.

"నాన్నా," అంది.

రెండేళ్ళయింది ఆ మాట విని. "ఆ," అన్నాను. అంతకంటే రాలేదు.

"నీ ర్యాక్ ఊగుతోంది."

"ఊగుతుంది. వెనక ఎడమ కాలు పొట్టి."

"తెలిసే పంపావా?"

"తెలిసే."

"మరిప్పుడు ఏం చెయ్యను?"

"అట్టముక్క ఏదైనా మడిచి కాలి కింద పెట్టు. నిలబడుతుంది."

"అట్టముక్కా?" అంది. నవ్విందో లేదో తెలియలేదు. తర్వాత, "నడుం ఎలా ఉంది?"

"ఉంది."

"అమ్మ చెప్పిందా షాపు ఎలా ఉందో?"

"నేను అడగలేదు. బాగుంది."

"చూడకుండా ఎలా చెప్తావ్?"

"చూడక్కర్లేదమ్మా. పాస్."

ఫ్యాక్టరీలో ఈ మాట ఎవడైనా అని ఉంటే ఆ పూటే ఇంటికి పంపించేవాణ్ణి. నా నోటి నుంచి ఇంత తేలిగ్గా వచ్చేసింది. ఫోన్ కట్ అయిందేమోనని చూశాను, అవలేదు. చాలాసేపటికి గొంతు సవరించుకుని, "ఎవరో కొనడానికి వచ్చారు నాన్నా, మళ్ళీ చేస్తాను," అని పెట్టేసింది.

"ఏమంది?" అంది మా ఆవిడ.

"బేరం తగిలిందట. పెట్టేసింది."

ఆవిడ పేపరు మీద నుంచి తలెత్తలేదు. "సోమవారం వాళ్ళకి సెలవు. షట్టరు తియ్యరు."

నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. నా మాటకి అది ఏడవడం కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ తన గదిలో తలుపేసుకుని ఏడ్చేది, నేను బయట నిలబడి ఎందుకు ఏడుస్తున్నావో సరిగ్గా చెప్పమనేవాణ్ణి. ఇవాళ చెప్పక్కర్లేదు. ఇది ఆ ఏడుపు కాదు.